గేర్‌బాక్సు మార్చాక క్రాస్‌మెంబర్‌ను సరిగ్గా అమర్చడం: పాత సీ-10 పికప్‌లో టీహెచ్-350 తీసి 700-ఆర్4 పెట్టేవారికి

పాత షెవర్లే పికప్‌లో మూడు గేర్ల ఆటోమేటిక్ (టీహెచ్-350) తీసి నాలుగు గేర్లది (700-ఆర్4) పెట్టుకుంటున్నవారు నన్ను అడిగే ప్రశ్నల్లో చాలా వరకు గేర్‌బాక్సు గురించి కావు. దాన్ని కింద మోసే అడ్డదూలం, అంటే క్రాస్‌మెంబర్ గురించి. ఇంజిన్‌కు గేర్‌బాక్సు చక్కగా కలుస్తుంది, వెనక రబ్బరు మౌంటు దగ్గరకు వచ్చేసరికి బోల్టు రంధ్రాలు రెండంగుళాల దూరంలో ఆగిపోతాయి. అక్కడ చేసే తొందరపాటు పని తర్వాత అదురుగా, చప్పుడుగా, అరిగిన యూ-జాయింట్లుగా (షాఫ్ట్ రెండు చివర్లా వంగే కీళ్లు) బయటపడుతుంది.

పద్ధతి మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది. ముందు గేర్‌బాక్సును అది ఉండవలసిన చోట, ఉండవలసిన వాలులో నిలపాలి. ఆ తర్వాతే క్రాస్‌మెంబర్‌ను దాని దగ్గరకు తీసుకురావాలి. క్రాస్‌మెంబర్ ఎక్కడుందో అక్కడికి గేర్‌బాక్సును లాగకూడదు.

1. మీ బండిలో మారే కొలతలు

ఇక్కడ చెప్పేది 1973 నుంచి 1987 వరకు వచ్చిన సీ-10 బండ్లకు, అందులోనూ వెనక చక్రాలతో నడిచేవాటికి, 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్ ఉన్నవాటికి. ఇతర పికప్‌లకు అంకెలు మారతాయి, పని క్రమం మారదు.

- ఇంజిన్‌కు ఆనే ముఖం నుంచి వెనక మౌంటు బోల్టు వరకు టీహెచ్-350లో సుమారు 20.4 అంగుళాలు, 700-ఆర్4లో 22.5 అంగుళాలు. అంటే మౌంటు దాదాపు 54 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది.
- మొత్తం పొడవు 6 అంగుళాల తోక (వెనక చివరి గొట్టం భాగం) ఉన్న టీహెచ్-350కి 27.7 అంగుళాలు, 700-ఆర్4కి 30.75. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను, అంటే గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు తిరుగుడును చేరవేసే గొట్టాన్ని, దాదాపు మూడంగుళాలు తగ్గించాలి.
- రెండింటి వెనక షాఫ్ట్‌కూ 27 పళ్లే. కాబట్టి పాత స్లిప్ యోక్ (షాఫ్ట్ ముందు చివర గేర్‌బాక్సులోకి జారి కూర్చునే ముక్క) అరగకుండా ఉంటే అదే పనికొస్తుంది.

టీహెచ్-350 తోక 6, 9, 12 అంగుళాల్లో దొరుకుతుంది. మీ బండిలో 9 అంగుళాలది ఉంటే మొత్తం పొడవు 700-ఆర్4కు దాదాపు సమానం, షాఫ్ట్ కోయవలసిన అవసరం రాకపోవచ్చు. అందుకే పైన ఇచ్చిన అంకెలను నమ్మి ఉక్కు కోయకండి. రెండు గేర్‌బాక్సులనూ పక్కపక్కన నేల మీద పెట్టి, ముందు ముఖాలు ఒకే గీత మీద ఉంచి, మీ టేపుతో మీరే కొలవండి.

మరొక తేడా కంటికి కనపడదు. మొదటి గేరు నిష్పత్తి 2.52 నుంచి 3.06కు పెరుగుతుంది. బండి కదిలేటప్పుడు గేర్‌బాక్సు మెలితిరగడానికి చేసే ప్రయత్నం అయిదో వంతు పెరిగినట్టే. పాత రబ్బరు మౌంటును మళ్లీ వాడవద్దనేది అందుకే. ఇంజిన్ మౌంట్లు కూడా చూసి, రబ్బరు విడిపోయి ఉంటే ఈ పనిలోనే మార్చండి.

భారత్‌లో ఉండి తమ జీపుకో పికప్‌కో ఇలాంటి పని చేయాలనుకునేవారికి ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికీ రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నదానికీ భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. పానా పట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

2. సిద్ధం చేసుకోవలసినవి

- గేర్‌బాక్సు జాకీ. నేల మీద దొర్లే మామూలు జాకీ మీద 70 కిలోల గేర్‌బాక్సును నిలపడం ప్రమాదం.
- నాలుగు గట్టి స్టాండ్లు
- డిజిటల్ కోణమాపకం
- దారానికి కట్టిన గుండు, తాపీ మేస్త్రులు గోడ నిలువు చూసేది
- సెంటర్ పంచ్, 3 మి.మీ. నుంచి 12 మి.మీ. దాకా మంచి డ్రిల్లు బిట్లు, కటింగ్ ఆయిల్
- నాలుగు సీ-క్లాంపులు
- టార్క్ పానా, ఎంత బలంతో బిగిస్తున్నారో చూపేది
- కొత్త రబ్బరు మౌంటు
- గ్రేడ్ 8 (అధిక బలం గల) బోల్టులు, మందపాటి వాషర్లు, లాక్ నట్లు
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, చేతికి అందేలా మంటలార్పే సిలిండరు

బ్యాటరీ నెగెటివ్ తీగను ముందే తీసేయండి. ఈ బండ్లలో పెట్రోలు ట్యాంకులు ఫ్రేము బయటి వైపున, పక్కలకు వేలాడుతుంటాయి. పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం ఫ్రేము వెంబడే పోతాయి. డ్రిల్లు చేసే ప్రతి చోటా అవతలి వైపు చేయి పెట్టి తడిమి చూడకుండా బిట్టు దించకండి.

3. విప్పేముందు పాత స్థితిని రాసుకోండి

బండి సమతలంగా, చక్రాల మీద మామూలు బరువుతో నిలబడి ఉండాలి. ఎత్తవలసి వస్తే వెనక స్టాండ్లను ఫ్రేము కింద కాదు, ఇరుసు గొట్టం కింద పెట్టండి. ఇరుసు వేలాడితే కోణాలన్నీ తప్పు చూపిస్తాయి.

రాసుకోవలసిన కొలతలు ఇవి:

- ఫ్రేము పట్టీ వాలు. మిగతావన్నీ దీనితో పోల్చి చూడాలి.
- ఇంజిన్ వాలు. ముందున్న క్రాంక్ పుల్లీ నిలువు ముఖం మీద కోణమాపకం పెట్టి చూడండి.
- ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు
- వెనక ఇరుసు పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) వాలు
- క్యాబు నేల నుంచి గేర్‌బాక్సు పైభాగానికి ఉన్న ఖాళీ
- క్రాస్‌మెంబర్ పాత బోల్టుల స్థానం, ఫ్రేము మీద సుద్దగీతతో

ఇంజిన్‌కు గేర్‌బాక్సు ఆనే గీత దగ్గర నుంచి గుండు వదిలి, అది నేలను తాకే చోట గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి వెనక్కి 22.5 అంగుళాలు కొలిచి మరో గుర్తు వేయండి. కొత్త మౌంటు సుమారుగా ఆ గీతకు ఎదురుగా వస్తుంది. అక్కడ ఇప్పుడు ఏముందో చూడండి: సైలెన్సర్ గొట్టమా, బ్రేకు తీగా, ఫ్రేములో ముందే ఉన్న రంధ్రాలా? 1982 నుంచి ఈ శ్రేణి పికప్‌లలో కంపెనీయే 700-ఆర్4 అమర్చింది. కాబట్టి తర్వాతి ఏళ్ల ఫ్రేముల మీద వెనక్కి జరిపే రంధ్రాలు సిద్ధంగా ఉన్నాయేమో ముందు వెతకండి. మట్టి, గ్రీజు కింద పూడిపోయిన రంధ్రాలు తీగ బ్రష్‌తో గీకితేనే కనపడతాయి.

4. పాత గేర్‌బాక్సు దించేటప్పుడు ఇంజిన్‌ను ఆపండి

గేర్‌బాక్సు పోగానే ఇంజిన్ వెనక్కి వాలుతుంది. ఈ వీ8లో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) ఇంజిన్ వెనక భాగంలో, డ్యాష్‌బోర్డు గోడకు దగ్గరగా ఉంటుంది. వాలిన ఇంజిన్ డిస్ట్రిబ్యూటర్ మూతను గోడకు నొక్కి పగలగొడుతుంది. ఆయిల్ పాన్ కింద వెడల్పాటి చెక్క పెట్టి, జాకీతో బరువు మాత్రమే అందుకోండి, పైకి ఎత్తకండి. ఆ తర్వాతే క్రాస్‌మెంబర్ విప్పండి.

5. కొత్త గేర్‌బాక్సును గాలిలో నిలపండి

ఇంతకుమించిన ముఖ్యమైన దశ లేదు. దీనికి సగం రోజు పట్టినా పర్వాలేదు.

టార్క్ కన్వర్టర్‌ను (ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య నూనెతో పనిచేసే డబ్బా) గేర్‌బాక్సు ముందున్న పంపులోకి పూర్తిగా కూర్చోబెట్టండి. తిప్పుతూ నొక్కితే ఒక్కో మెట్టుగా లోపలికి దిగుతుంది. గేర్‌బాక్సు ఇంజిన్‌కు చేతితోనే పూర్తిగా ఆనాలి. బోల్టులతో లాగి ఆనిస్తే పంపు పగులుతుంది. ఆనాక కన్వర్టర్ చేతితో సులువుగా తిరగాలి, ఇంజిన్ వెనక తిరిగే ఫ్లెక్స్ ప్లేటుకూ దానికీ మధ్య 3 నుంచి 5 మి.మీ. సందు ఉండాలి. సందు లేకపోతే ఆగండి, కన్వర్టర్ కూర్చోలేదు. అన్నీ సరిగా ఉంటే గేర్‌బాక్సు బోల్టులను 35 పౌండ్-అడుగులకు బిగించండి.

ఇప్పుడు జాకీ మీద తోకను పైకీ కిందికీ కదుపుతూ వాలు సరిచేయండి. ఇంజిన్, పినియన్ వాలులు దాదాపు సమాంతరంగా ఉండాలి. ప్రతి యూ-జాయింట్ దగ్గరి కోణం 1 నుంచి 3 డిగ్రీల మధ్య, ముందు వెనక జాయింట్ల కోణాల తేడా ఒక డిగ్రీ లోపు.

ఒక ఉదాహరణ. ఇంజిన్ వెనక్కి 3.5 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 1.5, పినియన్ 3 అనుకుందాం. అన్నీ ఒకే దిశలో కొలిచినవి. ముందు జాయింట్ కోణం 3.5లోంచి 1.5 తీస్తే 2 డిగ్రీలు. వెనకది 3లోంచి 1.5 తీస్తే 1.5 డిగ్రీలు. తేడా అర డిగ్రీ. బాగుంది. అదే తోకను ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ దించి క్రాస్‌మెంబర్‌కు కలిపేస్తే ముందు జాయింట్ 3 డిగ్రీలు దాటుతుంది, తేడా రెండుకు చేరుతుంది. హైవే మీద ఎక్కే అదురు ఇలా పుడుతుంది.

పక్కలకు మాత్రం ఏమీ సరిచేయకండి. గేర్‌బాక్సు ఇంజిన్‌కు బిగిసి ఉంది, అది చూపే దిశే సరైనది. ఫ్రేము మధ్యకు కొలిచి అక్కడికి నెట్టడం తప్పు.

ఈ స్థితిలో సరిచూసుకోండి:

- క్యాబు నేలకూ గేర్‌బాక్సు పైభాగానికీ మధ్య కనీసం 12 మి.మీ. ఖాళీ
- డిస్ట్రిబ్యూటర్ వెనక గోడకు తగలడం లేదు
- రేడియేటర్ ఫ్యాను దాని చుట్టూ ఉన్న కవరుకు తగలడం లేదు
- కూలింగ్ గొట్టాల చివరలకు పానా పట్టే చోటుంది

కొత్త రబ్బరు మౌంటును గేర్‌బాక్సుకు బిగించి, దాని అడుగుభాగం నేల నుంచి, ఫ్రేము అడుగు అంచు నుంచి ఎంత దూరంలో ఉందో రాసుకోండి. క్రాస్‌మెంబర్ ఈ రెండు కొలతలను అందుకోవాలి.

6. జరపాలా, తిప్పాలా, కొత్తది చేయాలా?

*జరపడం.* పాత క్రాస్‌మెంబర్‌ను అలాగే 54 మి.మీ. వెనక్కి జరిపి కొత్త రంధ్రాలకు బిగించడం. ఫ్రేము వెడల్పు అక్కడ మారకపోతే, గొట్టాలు అడ్డురాకపోతే ఇదే అన్నింటికన్నా మంచి దారి. నేను ఎవరు అడిగినా మొదట దీన్నే చెబుతాను.

*తిప్పడం.* కొన్ని క్రాస్‌మెంబర్లలో మౌంటు కూర్చునే పీఠం మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది. ముందు వెనకలు మార్చి బిగిస్తే పీఠం వెనక్కి వస్తుంది. ఎత్తు, సైలెన్సర్ వంపులు ఇంకా కుదురుతున్నాయో లేదో చూసుకోండి.

*పీఠాన్ని పొడిగించడం.* క్రాస్‌మెంబర్‌ను కదల్చకుండా దాని వెనక అంచుకు ఒక పలక అతికించి మౌంటును ఆ పలక మీద కూర్చోబెట్టడం. ఇది చేయకండి. నేను నా మొదటి బండికి ఇదే చేశాను, 6 మి.మీ. మందం పలక కాబట్టి చాలనుకున్నాను. నాలుగు నెలల తర్వాత రివర్స్ వేసినప్పుడల్లా కింద టక్కుమని చప్పుడు మొదలైంది. టార్చి పట్టుకుని పడుకుని చూస్తే వెల్డింగు గీత వెంబడి నల్ల రంగు మీద వెంట్రుకంత సన్నని పగులు, దాని నుంచి తుప్పురంగు పొడి జారుతూ కనిపించింది. పలక గట్టిదే. పొడుచుకు వచ్చిన పీఠం మీద పడే బరువు మాత్రం వెనక ఉన్న దూలాన్ని ప్రతి కుదుపుకూ మెలితిప్పుతూ ఉంటుంది. లోపం ఉక్కు మందంలో లేదు, బరువు పడే చోటులో ఉంది.

*కొత్తది చేయడం.* రెండు సైలెన్సర్ గొట్టాలు ఉన్నా, ఫ్రేము తుప్పుపట్టి పాత చోట్లు పనికిరాకున్నా ఇదే మిగులుతుంది. దీని సంగతి 8లో చెబుతాను.

7. ఫ్రేముకు కొత్త రంధ్రాలు

సీ-10 ఫ్రేము సీ-ఆకారపు పట్టీ కాబట్టి లోపలి నట్టు దగ్గరకు చేయి పోతుంది. క్రాస్‌మెంబర్‌ను జాకీతో ఎత్తి మౌంటుకు ఆనించండి. మౌంటు బోల్టును వేళ్లతోనే తిప్పి ఎక్కించండి. వేళ్లతో ఎక్కకపోతే స్థానం తప్పింది, కడ్డీ పెట్టి మీటకండి. ఎక్కాక రెండు చివరలనూ సీ-క్లాంపులతో ఫ్రేముకు పట్టించండి. రెండు పక్కలా ఇంజిన్ కింద ఉండే మరో క్రాస్‌మెంబర్ నుంచి దూరం కొలవండి. రెండు కొలతలూ 2 మి.మీ. లోపు కలవాలి.

అప్పుడు క్రాస్‌మెంబర్ చివరల్లోని రంధ్రాల గుండానే ఫ్రేము మీద గుర్తు పెట్టి, క్రాస్‌మెంబర్ దించి, పంచ్ కొట్టండి.

పాటించవలసిన దూరాలు:

- రంధ్రం మధ్య నుంచి ఫ్రేము అంచుకు బోల్టు మందానికి కనీసం రెండింతలు. 11 మి.మీ. బోల్టుకు 22 మి.మీ.
- పాత రంధ్రానికీ కొత్తదానికీ మధ్య మూడింతలు, అంటే 33 మి.మీ. మీ జరుపు 54 మి.మీ. కాబట్టి సాధారణంగా ఇబ్బంది రాదు.
- అడుగు పట్టీ నిలువు పట్టీకి మలుపు తిరిగే వంపులో రంధ్రం వేయకూడదు.

3 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి, రెండు మూడు విడతల్లో పెంచండి. నెమ్మది వేగం, నిండుగా నూనె. చుట్టలు చుట్టలుగా లోహం బయటికి వస్తుంటే బిట్టు సరిగ్గా కోస్తోంది. పొడిగా, పొగతో వస్తుంటే ఆగి బిట్టు మార్చండి. రంధ్రం అంచుల గరుకును ఆకురాయితో తీసి, బయటపడిన లోహానికి జింక్ ప్రైమర్ పూయండి.

రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పితే వాటిని గుండ్రటి ఆకురాయితో కోలగా సాగదీయాలనిపిస్తుంది. ఫ్రేములో మాత్రం ఆ పని చేయకండి. సాగదీయవలసి వస్తే క్రాస్‌మెంబర్ పీఠంలో, మౌంటు బోల్టు దగ్గర చేయండి. అక్కడ మందపాటి వాషరుతో సరిపోతుంది.

మీ బండి ఫ్రేము నాలుగు వైపులా మూసి ఉన్న పెట్టె ఆకారపుదైతే, బోల్టు బిగించినప్పుడు గోడలు లోపలికి నలుగుతాయి. రంధ్రంలో ఉక్కు గొట్టం ముక్క పెట్టి, బోల్టు దానిలోంచి పోయేలా చేయాలి.

8. కొత్త క్రాస్‌మెంబర్ చేయవలసి వస్తే

2×3 అంగుళాల దీర్ఘచతురస్రపు గొట్టం, గోడ మందం 3 మి.మీ.కు తగ్గకుండా తీసుకోండి. చివరలకూ పీఠానికీ 6 మి.మీ. పలకలు.

అట్టముక్కతో ముందు నమూనా కోయండి. కింద పడుకుని, అట్టను ఫ్రేముకూ మౌంటుకూ పట్టి చూస్తే సైలెన్సర్ ఎక్కడ తగులుతుందో వెంటనే తెలుస్తుంది. సైలెన్సర్ గొట్టానికి అన్ని వైపులా 20 నుంచి 25 మి.మీ. ఖాళీ వదలండి. వేడెక్కితే గొట్టం పొడవు పెరుగుతుంది, ఇంజిన్ కదిలితే పక్కకు ఊగుతుంది. గేర్‌బాక్సు అడుగు పాన్‌ను క్రాస్‌మెంబర్ విప్పకుండానే దించగలిగేలా చూసుకోండి. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ గేర్‌బాక్సును జాకీ మీద నిలపవలసిన పరిస్థితి తెచ్చుకోకండి.

ముక్కలను బండి కిందే, వాటి స్థానంలో చుక్క వెల్డింగుతో పట్టించండి. తర్వాత బయటికి తీసి బల్ల మీద పూర్తి వెల్డింగు చేయండి. రెండు పక్కలా కొంచెం కొంచెంగా మార్చి మార్చి వేయాలి. ఒకే పక్క నిండుగా వేస్తే వేడికి దూలం వంగి, చివరల రంధ్రాలు కలవవు. జింక్ పూత ఉన్న ఉక్కైతే వెల్డు చేసే చోట పూత గీకేయండి, ఆ పొగ ఆరోగ్యానికి చేటు.

పాతదాన్ని కోసి పొడిగిస్తున్నవారు రెండు ముక్కలను అంచుకు అంచు అతికించి వదిలేయకూడదు. అతుకు మీద రెండు పక్కలా వజ్రాకారపు పలకలు కప్పి వెల్డు చేయాలి. నిలువుగా అడ్డంగా కోసిన పలక అంచు దగ్గరే కొత్త పగులు మొదలవుతుంది.

క్రాస్‌మెంబర్‌ను ఫ్రేముకు నేరుగా వెల్డు చేయవద్దు. రేపు గేర్‌బాక్సు దించవలసినప్పుడు మీరే దాన్ని కోయాలి.

9. బిగించే వరుస

1. మౌంటును గేర్‌బాక్సుకు బిగించండి.
2. క్రాస్‌మెంబర్‌ను ఎత్తి ఫ్రేము బోల్టులన్నీ చేతితో ఎక్కించండి.
3. మౌంటు కింది బోల్టును వదులుగా ఎక్కించండి.
4. జాకీని మెల్లగా దించి గేర్‌బాక్సు బరువు మౌంటు మీద పడనివ్వండి. తోకను చేత్తో రెండు మూడు సార్లు ఊపండి.
5. ఫ్రేము బోల్టులు బిగించండి. 7/16 అంగుళాల గ్రేడ్ 8 పొడి బోల్టుకు సుమారు 70 పౌండ్-అడుగులు.
6. చివరగా మౌంటు కింది బోల్టు.

మౌంటును ముందే బిగిస్తే రబ్బరు పక్కకు లాగబడి ఉండిపోతుంది, ఆరు నెలల్లో చిరుగుతుంది.

కోణాలు మళ్లీ కొలవండి. బరువు పడ్డాక కొద్దిగా మారతాయి.

10. షాఫ్ట్ పొడవు

క్రాస్‌మెంబర్ పూర్తిగా బిగించి, బండి చక్రాల మీద నిలబడిన తర్వాతే షాఫ్ట్ కొలవండి. స్లిప్ యోక్‌ను చివరిదాకా లోపలికి తోసి, 20 నుంచి 25 మి.మీ. బయటికి లాగి, ముందు యూ-జాయింట్ మధ్య నుంచి వెనక జాయింట్ మధ్యకు కొలిచి రాసుకోండి. లేత్ షాపుకు ఆ అంకె ఇవ్వండి. "మూడంగుళాలు తగ్గించండి" అని మాటతో చెప్పకండి. కోశాక బ్యాలెన్సు చేయించండి.

పొడవు వీల్‌బేస్ (ముందు వెనక ఇరుసుల మధ్య దూరం) బండ్లలో చాలావాటికి రెండు ముక్కల షాఫ్ట్ ఉంటుంది. మధ్య బేరింగును కదల్చకుండా ముందు ముక్కనే తగ్గిస్తారు.

11. తప్పులు, సవరణలు

*55 మైళ్ల వేగం దాటాక సన్నని అదురు.* జాయింట్ కోణాలు కొలవండి. తోక కిందికి ఎక్కువ వాలితే మౌంటుకూ పీఠానికీ మధ్య ఉక్కు పలక పెట్టి ఎత్తండి. ఒకదాని మీద ఒకటి వాషర్లు పేర్చితే నలిగి వదులవుతాయి. పలక ఒక్కటే ఉండాలి, మౌంటు అంత వెడల్పుండాలి.

*బండి కదిలేటప్పుడు మాత్రమే వణుకు.* వెనక బరువు పడినప్పుడు పినియన్ పైకి లేస్తోంది. క్రాస్‌మెంబర్ జోలికి వెళ్లకముందు ఆకు స్ప్రింగుల బుష్‌లు, యూ-బోల్టులు చూడండి.

*రివర్స్‌లో టక్కుమనడం.* వదులైన ఫ్రేము బోల్టు, చిరిగిన మౌంటు, పగిలిన వెల్డింగు. ఈ వరుసలోనే చూడండి.

*గతుకులో గట్టి దెబ్బ చప్పుడు.* యోక్ లోపల గుద్దుకుంటోంది, షాఫ్ట్ పొడవు ఎక్కువైంది. వెంటనే బండి ఆపండి, గేర్‌బాక్సు తోక పగులుతుంది.

*సైలెన్సర్ గణగణ.* క్రాస్‌మెంబర్‌కు తగిలిన చోట మెరుపు గీత ఉంటుంది. సైలెన్సర్‌ను వంచండి, దూలంలో గాడి కోయకండి.

12. రోడ్డెక్కేముందు

700-ఆర్4 మీద క్రాస్‌మెంబర్‌కు సంబంధం లేని ఒక విషయం చెప్పకుండా వదలలేను. కార్బ్యురేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబులే దాని లోపలి నూనె ఒత్తిడిని నిర్ణయిస్తుంది. అది సరిగ్గా సర్దకుండా బండి నడిపితే కొత్త గేర్‌బాక్సు క్లచ్చులు కొన్ని మైళ్లలోనే కాలిపోతాయి. ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కేబులు కూడా పూర్తిగా లాగబడాలి. ఒత్తిడి మీటరు పెట్టి చూసుకుంటే ఇంకా మంచిది.

చివరి పరిశీలన:

- పెట్రోలు, బ్రేకు గొట్టాలు దూలానికి రాసుకోవడం లేదు
- కూలింగ్ గొట్టాలు సైలెన్సర్‌కు దూరంగా ఉన్నాయి
- ప్రతి బోల్టు మీద రంగు గీత, తర్వాత తిరిగిందో లేదో తెలియడానికి
- గేర్లు మార్చే లివరు కొత్త స్థానాలన్నిటికీ సరిగ్గా పడుతోంది, పార్క్‌లో బండి కదలడం లేదు
- డెక్స్‌రాన్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు) నూనె సరైన మట్టంలో, ఇంజిన్ నడుస్తుండగా చూసినది

మొదటి 50 మైళ్లకు ఒకసారి, 500 మైళ్లకు మరోసారి కిందికి వెళ్లి రంగు గీతలు చూడండి, టార్క్ పానాతో బోల్టులన్నీ తడమండి. రెండోసారి చూసినప్పుడు కూడా ఏదైనా గీత తప్పి ఉంటే బిగించి ఊరుకోకండి. బోల్టు తీసి రంధ్రం అంచులు కోలగా అరిగాయేమో పరిశీలించండి. అరిగి ఉంటే ఒక సైజు పెద్ద బోల్టుకు రంధ్రం సరిచేసి, లాక్ నట్టు కొత్తది వేయండి.